రెండో బిగింపు: వేలాయుధం మేస్త్రీ గారి ఇరవై ఎనిమిదేళ్ళు

1908వ సంవత్సరం మే 4వ తేదీ, సోమవారం ఉదయం ఏడు గంటలకు శ్రీ ఆర్. వేలాయుధం గారు పుదుచ్చేరి సర్కారు బండ్ల షెడ్డులో కమ్మరి పనికి చేరారు. 1936 జూన్ 30వ తేదీన అదే షెడ్డు నుంచి పెద్ద మేస్త్రీగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ మధ్యకాలంలో ఆయన బాగుచేసిన బండ్ల లెక్క ఎక్కడా లేదు. ఆయన పనికి రాని రోజుల లెక్క హాజరు పుస్తకంలో ఉంది: పంతొమ్మిది.

వారి తండ్రిగారు తట్టాంచావడి దారిలో జట్కా చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించేవారు. ఇంట్లో తెలుగు, కొలిమి దగ్గర అరవం, షెడ్డులో ఫ్రెంచి విని పెరిగిన వేలాయుధం గారు మూడింటిలోనూ పని జరిపించగలరు. ఏ ఒక్కదానిలోనూ చదవడం నేర్వలేదు. కనుక ఈ వ్యాసాన్ని సైతం వారికి చదివి వినిపించవలసిందే. తప్పుంటే మధ్యలో ఆపి దిద్దిస్తారన్న ఎరుకతోనే ఇది రాయబడింది.

చేరిన తొలి నాలుగేళ్ళు మనుషులు తోసే పుస్ పుస్ బండ్ల చక్రాలు సరిచేశారు. 1912లో షెడ్డుకు మొదటి మోటారు వచ్చింది. యుద్ధకాలంలో మార్సెయి నుంచి విడిభాగాలు రావడం ఆగిపోయినప్పుడు, ఓడల కోసం ఎదురుచూడక, రాగిరేకు కోసి ఇంజను భాగాలు స్వయంగా తయారుచేయడం అలవరచుకున్నారు. 1921 నాటికి ఇంజను విప్పే పని ఏదైనా ఆయన చేతికే వచ్చేది.

వారి సేవాకాలంలో చెప్పవలసిన సంగతి 1927లో జరిగింది.

టీకాల డాక్టరు గారి కారు అప్పటికే పాతది. దానిని నడిపేది కరుప్పన్. ఆగస్టు మొదటి పది రోజుల్లో ఆ కారు మూడుసార్లు దారిలో ఉడికి ఆగిపోయింది. మూడోసారి వీరాంపట్టినం దారిలో ఆగితే ఎద్దులను కట్టి లాక్కువచ్చారు. అక్కడ తేరు ఉత్సవం దగ్గరపడింది; జనం చేరకముందే టీకాలు వేయాలి. మూడుసార్లూ రేడియేటరులో నీళ్ళు లేవు. డ్రైవరు నీళ్ళు పోయడం లేదని షెడ్డు అధికారి లెబ్రే దొర తేల్చారు. శుక్రవారం కరుప్పన్ ఉద్యోగం తీసివేస్తూ సంతకం పెడతానన్నారు. రేడియేటరుకు చిల్లు లేదని ఒక్క మాట రాయించి ఇమ్మని వేలాయుధం గారిని అడిగారు.

రేడియేటరుకు చిల్లు లేదు. ఆ మాట నిజమే. ఆ నిజం ఒక్కటే రాయించి ఇస్తే కరుప్పన్ వీధిలో పడతాడు.

బుధవారం ఉదయం కరుప్పన్ కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"రెండు కుడాల నీళ్ళు పోసినా అణ్ణా. పిల్లోళ్ళ మీద ఆన. బండే తాగేస్తా ఉంది."

"తాగింది యాడికో పోవాల గదా. కింద కారిందా?"

"ఒక్క చుక్క లే."

"పొగ ఏ రంగు?"

"తెల్లంగా. పొద్దున్నే వడ్లు ఉడకేసినట్టు."

"ఇన్నాళ్ళూ ఈ మాట దొరకు ఏల చెప్పలేదు?"

"దొర నన్ను పొగ గురించి అడిగినాడా? నీళ్ళు పోసినావా, లేదా అంటాడు. పోసినా అంటే అబద్ధం అంటాడు."

"నువ్వు పోసినావని నేను నమ్మితే చాలదు రా. నీళ్ళే చెప్పాల. రెండు కుడాలు తే."

ఆ రెండు బిందెల నీళ్ళూ రేడియేటరు నిండా పోయించి, మూత తెరిచి ఉంచి, చల్లగా ఉన్న ఇంజనును నడిపించారు. నీరు వేడెక్కకముందే బుడగలు వచ్చాయి. ఇంజను ఆపి హ్యాండిలుతో మెల్లగా తిప్పారు. నాలుగు సిలిండర్లలో రెండు కొసలవీ చేతిని ఎదిరించాయి. నడిమి రెండూ ఎదిరించలేదు. ప్లగ్గులు విప్పితే నడిమి రెండూ తడిగా ఉన్నాయి. సిలిండర్ల దిమ్మెకూ దాని మూతకూ మధ్య రాగిరేకు పొర ఒకటి ఉంటుంది. దానినే హెడ్ గాస్కెట్ అంటారు. నిప్పును, నీటిని వేరుగా ఉంచేది అదే. ఆ పొర నడిమి సిలిండర్ల మధ్య కాలింది. నీళ్ళు సిలిండర్లలోకి పోయి ఆవిరై పొగతో బయటికి వెళ్తున్నాయి.

కరుప్పన్ తప్పు లేదని తేలింది. అక్కడ ఆగి ఉంటే ఈ వ్యాసానికి పని లేకపోయేది. మూత విప్పే ముందు ఆయన పానాతో మరలు ఒక్కొక్కటీ పట్టి చూశారు. నడిమి నాలుగూ ఒంటి చేతికే తిరిగాయి. వేలాయుధం గారు పానా కింద పెట్టి పీపా మీద కూర్చున్నారు.

"ఏంది అణ్ణా?" అన్నాడు కరుప్పన్.

"ఈ మూత మొన్న జులైలో మూసింది నేనే రా."

కొత్త గాస్కెట్ వేసి మరలు బిగించాక, ఇంజనును వేడెక్కేదాకా నడిపి, చల్లారాక మరుసటి ఉదయం మళ్ళీ బిగించాలి. వేడికి రాగి అణిగి మరలు వదులవుతాయి. జులై 13న ఆయన ఆ మూత మూశారు. మరునాడు ఫ్రెంచి వారి పండుగ. ఊరేగింపుకు కారు కావాలన్నారు, ఇచ్చేశారు. పదిహేనో తేదీన కారు నేరుగా డాక్టరు గారి దగ్గరికి పోయింది. రెండో బిగింపు జరగలేదు. ఎవరూ అడగలేదు, ఆయనా వెనక్కి పిలవలేదు.

గురువారం ఉదయం గుమాస్తా పట్టాభిరామన్ ఫ్రెంచిలో రిపోర్టు రాసి, తెలుగులో చదివి వినిపించారు. గాస్కెట్ కాలిందనీ, డ్రైవరు దోషం లేదనీ అందులో ఉంది.

"ఎందుకు కాలిందని రాసినావు?"

"రాయలే. కాలింది, అంతే. పాత బండి గదా అణ్ణా."

"రెండో బిగింపు లేక కాలింది. బిగించాల్సినోడు వేలాయుధం. రాయి."

"నీకేమన్నా పిచ్చా? మేస్త్రీ పనికి నీ పేరు పంపింది ఈ నెలే. నా చేత్తో నేనే కొట్టేయాల్నా?"

"కారణం లేని కాగితం దొర నమ్మడు. పాత బండి అయితే నీళ్ళు తగ్గేది చూసుకోలేదా అని మళ్ళీ వాణ్ణే పట్టుకుంటాడు. రాయి."

పట్టాభిరామన్ రాశారు. వేలాయుధం గారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుని వేలిముద్ర వేశారు.

లెబ్రే దొర రిపోర్టు చదివి, కరుప్పన్ బర్తరఫు కాగితం చించారు. మరో కాగితం తీసి, మేస్త్రీ పదవికి పంపిన పేరు వెనక్కి తీసుకున్నారు. ఆ పదవి వేలాయుధం గారికి 1930లో గాని రాలేదు. ఆ మూడేళ్ళలో ఆయన దాని గురించి మాట్లాడగా విన్నవారు ఈ షెడ్డులో లేరు.

కొత్త గాస్కెట్ ఓడలో రావడానికి అయిదు వారాలు పట్టేది. కాలినదాన్ని అచ్చుగా పెట్టి రాగిరేకు కోశారు. కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి మెత్తబరిచారు. గురువారం సాయంత్రానికి మూత మూసి, నడిమి నుంచి అంచులకు బిగించి, ఇంజను నడిపారు. శుక్రవారం ఉదయం మళ్ళీ బిగించారు. ఒక్కో మర పావు చుట్టు తిరిగింది. శనివారం కరుప్పన్ డాక్టరు గారిని వీరాంపట్టినం తీసుకుపోయాడు. ఆ కారు మరో ఆరేళ్ళు తిరిగింది.

మేస్త్రీ అయిన నాడు వేలాయుధం గారు గోడకు ఒక పలక కట్టించారు. మూత విప్పిన ప్రతి బండి నంబరు దానిమీద ఉంటుంది. రెండో బిగింపు అయ్యాకనే చెరిపేస్తారు. నంబరు ఉన్నంతసేపు బండి బయటికి పోదు. 1931 జులై పండుగకు కారు కోసం వచ్చిన అధికారికి ఆయన ఆ పలకనే చూపించారు. ఆ ఏడు ఊరేగింపులో ఒక కారు తక్కువైంది.

ఇప్పుడు కరుప్పన్ నడుపుతున్నది ఆరో నంబరు లారీ. దాని ఇంజను మూత జూన్ 30న మూయాలని పని పట్టికలో ఉంది. అంటే రెండో బిగింపు జులై 1న, వేలాయుధం గారు ఉద్యోగంలో లేని మొదటి రోజున పడుతుంది. ఆ పనిని ఆయన స్థానంలోకి వస్తున్న నటేశన్‌కు అప్పగించమని చెప్పిచూశాము. "మూసింది ఎవరో బిగించేది వాళ్ళే," అన్నారు. వారి ధర్మపత్ని శ్రీమతి పూంగావనం గారికి మొరపెట్టుకుంటే, "ఇన్నేండ్లు పొద్దున ఏడుకి పోయినాడు, ఇంకొక్క నాడు పోతే ఏంది? సద్ది కట్టిస్తా," అన్నారు.

కనుక బుధవారం ఉదయం ఏడు గంటలకు షెడ్డు తలుపు ఆయన కోసం తెరిచి ఉంటుంది. పలక మీద ఆరో నంబరును ఆయనే స్వహస్తాలతో చెరిపివేసి, ఇంటికి వెళ్ళి, పూంగావనమ్మ గారితో కలిసి ఆరోగ్యంగా నూరేళ్ళు ఉండాలని, ఆ ఏళ్ళలో ఏ ఉదయమూ ఏడు గంటలకు షెడ్డుకు రావలసిన పని పడకూడదని సహోద్యోగులందరి కోరిక. ఆ పలకను మాత్రం గోడ మీద నుంచి తీయము.