వాగు పక్కన ఖాళీ చోటు

సెప్టెంబరు చివర. మోంటానాలో, జాతీయ పార్కు పడమటి గేటు దగ్గర ఒక కిరాణా దుకాణం ముందు వెర్లిన్ హాగెన్ ఇల్లులా అమర్చుకున్న తన పెద్ద బండి, మోటర్‌హోమ్ ఆపి చాలాసేపైంది. పక్క సీట్లో భార్య మార్లిస్. ఆమె ఒళ్ళో పార్కు మ్యాపు.

“మళ్ళీ అదే పాట. ఆ హైవే ఊరు ఇక్కడికి గంటన్నర దూరం, వెర్లిన్. అక్కడ బండి పెట్టుకుని ఏం చేస్తాం? వచ్చేపోయే లారీలు చూస్తూ కూచుంటామా?”

“అక్కడ కరెంటుంది. వేడినీళ్ళున్నాయి. బట్టలుతుక్కోడానికి మెషిన్లున్నాయి. ఆ స్వెట్టరు ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నావో చూసుకున్నావా?”

“నా స్వెట్టరు జోలికి రాకు. ఇన్నాళ్ళూ మనం బండి పెట్టుకున్న క్యాంపుగ్రౌండు మూసేశారు, సరే. సీజనైపోయింది, వాళ్ళ తప్పేం లేదు. పార్కులో వాగు దగ్గరది తెరిచే ఉందిగా. దానికేం రోగం?”

“కరెంటు లేదు.”

“జనరేటరుంది.”

“పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. అంతకంటే వేస్తే రేంజర్లొచ్చి తలుపు కొడతారు.”

“కొట్టనీ. నాకు కావల్సిందీ అదే. ఎవరో ఒకరు వచ్చి ఆ తలుపు కొట్టడం.”

“రాత్రిళ్ళు పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి, మార్లిస్.”

“కట్టనీ.”

“అన్నిటికీ కట్టనీ, కొట్టనీ అంటే ఎలా? ముప్పై ఒక్క అడుగుల బండి. ఆ చెట్ల మధ్య వెనక్కి తిప్పడం నావల్ల కాదు.”

“ఫార్గోలో మా అక్క ఇంటి సందులో, అంత మంచులో, ఒక చేత్తో కాఫీ తాగుతూ తిప్పినవాడివి.”

“అప్పుడు బ్రిట్టా వెనక నిలబడి చెయ్యి ఊపుతూ చెప్పింది.”

మార్లిస్ ఒళ్ళో మ్యాపు విప్పింది.

“మార్లిస్.”

“ఇప్పుడు నేను చెప్తాలే. నాకూ చేతులున్నాయి.”

“అలా అనలేదు.”

“చూడు, ఇదిగో ఇక్కడ. బ్రిట్టా కారు ఆపింది ఈ వాగు దగ్గరే. కొండ ఎక్కడం మొదలుపెట్టిందీ ఇక్కణ్ణుంచే. దిగితే ఇక్కడే దిగాలి. కాలు మడతపడి ఏ రాతిసందులోనో కూచుని, ఓపిక తెచ్చుకుని దిగొస్తోందనుకో. చెట్లు దాటగానే మన బండి కనబడాలి. ఆ పసుపు చార కనబడాలి. అది వేసింది తనే కదా, వంకరటింకరగా. నువ్వు చెరిపేస్తానంటే ఎంత ఏడిచిందో!”

“ముందు ఏదన్నా తిను. గుడ్డు శాండ్‌విచ్ అలాగే ఉంది.”

“నువ్వు తిన్నావా?”

“తిన్నాను.”

“రెండూ సంచిలోనే ఉన్నాయి, వెర్లిన్.”

“తర్వాత తింటాను.”

“పొద్దున రేంజర్ల ఆఫీసుకెళ్ళొచ్చినప్పట్నుంచీ నా మొహం చూడట్లేదు నువ్వు. ఏమన్నారు?”

“ఏముంది... చెప్తామన్నారు.”

“ఏం చెప్తామన్నారు?”

“అదే... ఆ ఊరెళ్ళి, బండి నిలబెట్టుకుని, కాస్త స్నానం చేశాక మాట్లాడుకుందాం. ఏం?”

“స్నానానికీ దానికీ ఏమిటి సంబంధం? నేను వాగు దగ్గరికి ఫోన్ చేస్తున్నా.”

“ఆగు. ఒక్క నిమిషం, మార్లిస్, ఆగు...”

“రింగవుతోంది. మాట్లాడకు.”

అవతల ఫోనెత్తింది డార్లా, వాగు దగ్గర క్యాంపుగ్రౌండు చూసుకునే ఆవిడ. మాటలు వెర్లిన్‌కీ వినబడుతున్నాయి.

“డార్లాని మాట్లాడుతున్నా, చెప్పండి.”

“ఒక బండికి చోటు కావాలండీ. పెద్ద బండి. ఉందా?”

“ఉందా అంటారేమిటి తల్లీ! నిన్నటిదాకా ఒక్కటీ లేదు, ఇవాళ మీ ఇష్టం. వాగు ఒడ్డునే ఇస్తాను. ఎన్ని రాత్రులు?”

“ఎన్ని... ఎన్నిస్తారు?”

“చలికాలానికి కుళాయిలు కట్టేసేదాకా ఉండండి, ఎవరు కాదంటారు! మనుషులెందరు?”

“ముగ్గురం. ఇప్పటికి ఇద్దరం.”

“మూడో వాళ్ళు ఎప్పుడొచ్చినా పరవాలేదు.”

“నిన్నటిదాకా లేవన్నారు. ఇవాళ ఒక్కసారే ఎలా ఖాళీ అయ్యాయి?”

“వెతికేవాళ్ళుండేవారు కదండీ, కొండలో తప్పిపోయిన ఆ అమ్మాయి కోసం. కుక్కలూ, గుర్రాలూ, ఎంత సందడో. పొద్దున్నే గుడారాలు పీకేసి వెళ్ళిపోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు. కాఫీ పెట్టానన్నా ఆగలేదు, పాపం. మీ పేరు చెప్పండి, రాసుకుంటాను.”

“హాగెన్.”

“హాగెన్... అయ్యో. అయ్యో తల్లీ, మీరా! నాకు తెలీదమ్మా, ఏదో వాగేశాను, నాకెవరూ ఏమీ...”

“ఆ చోటు ఎవరికీ ఇవ్వకండి. వస్తున్నాం.”

ఫోను పెట్టేసింది మార్లిస్.

“విన్నావా? మానేశారట.”

“మార్లిస్...”

“నీకు తెలుసు. తెలుసా, తెలీదా?”

“వాళ్ళు వెళ్ళిపోయారని తెలుసు.”

“తెలిసి, వేడినీళ్ళన్నావు. బట్టలన్నావు. మెల్లగా నన్ను హైవే ఎక్కించి, అక్కణ్ణుంచి అటే ఇంటికి లాక్కుపోదామనుకున్నావు.”

“ఇంటికి కాదు.”

“వాళ్ళు పరాయివాళ్ళు, అలిసిపోతారు. నువ్వు దాని నాన్నవి! నువ్వెలా మానేస్తావు? తాళాలియ్యి.”

“ఈ బండి నడపడం నీకు రాదు.”

“నేర్చుకుంటాను. ఆ వాగు దగ్గర పెట్టి, మంచు పడినా అక్కడే కూచుంటాను. నువ్వు బస్సెక్కి ఇంటికి పో. తాళాలియ్యమంటుంటే! ఏడుస్తావేం? ఏడవకు. తాళాలిచ్చి ఏడు.”

“ఎలా చెప్పాలో తెలీడం లేదు. నోరు తెరిస్తే కరెంటనీ, నీళ్ళనీ ఇవే వస్తున్నాయి. పొద్దుట్నుంచీ ఇవే వస్తున్నాయి, మార్లిస్.”

“ఏం చెప్పాలి?”

“వాళ్ళు మానెయ్యలేదు. దొరికింది.”

“దొరికిందా! ఎక్కడ? కాలు విరిగిందా? మాట్లాడుతోందా? మాట్లాడవేం, నన్నడిగిందా?”

“ఆ హైవే ఊళ్ళో ఆస్పత్రిలో పెట్టారు, మార్లిస్. రేపు మనిద్దరం వెళ్ళి, ముసుగు తీశాక, బ్రిట్టానేనని చెప్పాలట.”