పటాలం గుర్తు మీద సూర్యచంద్రులు

1943 ఎండాకాలం. మార్కాపురం పలకల గని పక్కన, రాళ్లు చెక్కే కాటమరాజు కొట్టం. తాలూకా కచేరీ గుమస్తా చెన్నకేశవరావు వచ్చి, చెక్కుతున్న రాయి ముందర నిలబడ్డాడు.

"తక్కినదంతా బాగుంది గానీ, పైన ఈ రెండూ ఏంది కాటమరాజూ?"

"సూర్యుడు, చంద్రుడు సామీ."

"అది తెలుస్తానే ఉంది. చూసి చెక్కమని నేనిచ్చిన సిపాయి టోపీ బిళ్ల మీద ఉన్నాయా ఇవి?"

"లేవు. కత్తి ఉంది గదా. కత్తి చెక్కిన రాయికి పైన సూర్యచంద్రులు ఉండాల. మా నాయన అట్లనే చెక్కినాడు, మా తాతా అంతే."

"మీ నాయన చెక్కినవి యుద్ధంలో చచ్చిపోయినోళ్ల రాళ్లు. ఇది పటాలం గుర్తు. కొత్తగా చేరేవాళ్లు ఎల్లుండి దీని ముందర నిలబడి సలాం కొట్టాల. పటాలం దొర వస్తాడు."

"చేరేది యుద్ధానికే గదా సామీ."

"నీతో వాదిస్తే పొద్దు గూకుతుంది. ఈ గుర్తుకు నూరేండ్ల చరిత్ర ఉంది. దొర కాగితం చూసి మాకు చదివి చెప్పినాడు. ఇదిగో ఈ ఏనుగుందే, ఏదో కోట కాడ మన పటాలం నవాబు ఏనుగును పట్టుకునింది. అందుకని ఏనుగు."

"ఎవరు పట్టుకునింది?"

"అప్పటి దొర."

"ఒక్కడేనా?"

"సిపాయిలు ఉంటారులే, వెనక."

"వాళ్లేరి ఇందులో?"

"అందరినీ ఎక్కిస్తే టోపీ బిళ్ల మీద పడతారా? ఇక ఈ చెట్టు. సముద్రం దాటిపోయి ఎడారిలో గెలిచినారు, దానికి గుర్తు. ఖర్జూరం చెట్టు చెక్కమంటే నువ్వు తాటిచెట్టు చెక్కినావు. ముంత గూడా కట్టినావు."

"ముంత లేకుంటే ఏం చెట్టో తెలియదని."

"ముంత తీసెయ్. దొరకు తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. పైన కిరీటం రాజుగారిది. అందరినీ కాపాడతాడని అర్థం."

"ఆయన ఏ ఊళ్లో ఉంటాడు?"

"లండన్‌లో."

"అంత దూరం నుంచేనా?"

"ఎక్కువ మాట్లాడతాండావు. సూర్యచంద్రుల్ని చెరిపెయ్. చూస్తే చేరేవాళ్లు భయపడతారు."

"చెరుపుతా. మా లింగయ్య పేరు కొట్టేసినారా?"

"ఆ పని మీదనే ఉన్నా."

"రాయి చెక్కు, నీ కొడుకు పేరు పట్టీలోంచి కొట్టేయిస్తా అన్నారు. వాడు నాకు చెప్పకుండా పోయి వేలిముద్ర వేసినాడు. ఇంకా పద్దెనిమిది నిండలేదు సామీ."

"నిండినాయని వాడే చెప్పినాడు."

"బూట్లిస్తామంటే నిండినాయన్నాడు."

"దొరతో నిదానంగా మాట్లాడాల. రాయి చూస్తే ఆయన మనసు మెత్తబడతాది. ముందు ఇది కానీయ్."

"కొట్టేసిన కాగితం చూపియ్యండి. ఇప్పుడే ఉలి పడతా."

"కాగితం కచేరీలో ఉంది."

"కొట్టేసిన కాగితమేనా?"

"కాగితం ఉంది అంటాండా గదా."

"సరే. మా ఇంటిది మల్లమ్మ వచ్చినాక అడుగుతాలే."

"మల్లమ్మ ఎక్కడికి పోయింది?"

"తర్లుపాడుకి. పటాలం డేరాల కాడ కొడుకును చూసొస్తానని, పొద్దున్నే బొరుగులు మూటగట్టుకోని పోయింది."

"పోవద్దని చెప్పినా గదా. దొరకు కోపమొస్తుందని చెప్పలా?"

"చెప్పినారు. తల్లి గదా, ఆగలేదు."

"ఎందుకు పంపినావయ్యా. అక్కడ ఎవరూ లేరు."

"ఎవరూ లేరా?"

"ఎండగా ఉంది. కూర్చో."

"కూర్చోనే ఉన్నా సామీ. లింగయ్య ఏడి?"

"సోమవారం రైలెక్కించినారు. నలభై మంది కావాలన్నారు, మీవాడితో నలభై సరిపోయినారు. నా చేతిలో ఏముంది?"

"మంగళవారం మా ఇంటికి వచ్చినారు గదా. వాడెట్లున్నాడని మల్లమ్మ అడిగితే, ఆ పొద్దునే మీరు చూస్తాండంగ రెండోసారి సంగటి అడిగి పెట్టించుకున్నాడని చెప్పినారే."