మూడు రేకు డబ్బాల మాస్టారు

పందొమ్మిది వందల తొంభై నాలుగవ సంవత్సరం జూలై నెల పదకొండవ తేదీ, సోమవారం ఉదయం, మన సరుకు రవాణా గోదాములో ఆంగ్లభాషా శిక్షకులుగా బాధ్యతలు స్వీకరించిన మాస్టారు గారు, ముప్పై సంవత్సరాల సుదీర్ఘ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న సందర్భంలో, ఈ ప్రత్యేక సంచిక ద్వారా వారికి అభినందనలు సమర్పించడం సహోద్యోగులమైన మాకు ఆనందదాయకం. చేరిన రోజున వారి చేతిలో ఉన్నవి నియామక పత్రమూ, మూడు రేకు డబ్బాలూ. డబ్బాలు చూసి గేటు దగ్గర కాపలాదారు "టిఫిన్ లోపలికి తీసుకెళ్లకూడదు సార్, క్యాంటీన్లో పెట్టేయండి" అన్నారట.

మొదటి డబ్బాలో క్రియల చీటీలు, రెండవదానిలో సర్వనామాలు, మూడవదానిలో ‘ఆన్’, ‘టు’, ‘ఫ్రమ్’, ‘అండర్’ వంటి చిట్టి పదాలు. ఒక్కొక్క డబ్బాలోంచి ఒక్కొక్క చీటీ తీసి, మూడింటినీ కలిపి వాక్యం కట్టి, ఆ వాక్యం చెప్పిన పనిని అక్కడికక్కడే చేసి చూపాలన్నది వారి బోధనా విధానం. ఆ చిట్టి పదాల మీద వారికున్న కుతూహలం అంతా ఇంతా కాదు. తెలుగులో ‘కి’, ‘తో’, ‘మీద’ అనేవి మనిషి వెనకాలే నడుస్తుంటే ఇంగ్లీషులో ముందు ఎందుకు నడుస్తున్నాయి? ‘లుక్’ అన్న ఒక్క క్రియకు ‘ఎట్’ చేరితే ఆమెను చూడటం, ‘ఫర్’ చేరితే ఆమె కోసం వెతకడం, ‘ఆఫ్టర్’ చేరితే ఆమె బాగోగులు కనిపెట్టి ఉండటం ఎలా అయింది? ఇచ్చేటప్పుడు ‘ఐ’గా ఉన్న మనిషి పుచ్చుకునేసరికి ‘మి’గా ఎందుకు మారిపోతున్నాడు? భోజన విరామంలో ఎవరు దొరికితే వారి ముందు ఈ ప్రశ్నలు పరిచేవారు. "లుక్ ఎట్, లుక్ ఫర్ అంటూ ఇల్లంతా తిరుగుతారు గానీ, ఆయన కళ్లజోడు వెతికిపెట్టేది మాత్రం నేనే" అని వారి శ్రీమతి గారు మాతో ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు.

తొంభై ఏడవ సంవత్సరంలో, వైర్‌లెస్‌లో వచ్చే ఆదేశాలు అందుకుని పనిచేసే లోడర్లందరూ ఇంగ్లీషు మౌఖిక పరీక్షలో నెగ్గి తీరాలని యాజమాన్యం నిబంధన పెట్టింది. మూడుసార్లు తప్పినవారికి ఉద్యోగం ఉండదు. రెండు పరీక్షలు ముగిసేసరికి రెండింటిలోనూ తప్పిన లోడరు ఒక్కరే. నాలుగు నెలలు తరగతిలో కూర్చుని ఒక్క మాటయినా పెదవి దాటనివ్వకుండా, బెల్లం కొట్టిన రాయిలా ఉండటంతో అందరమూ ఆయనను ‘రాయన్న’ అని పిలవసాగాము. బుర్రకు ఎక్కడం లేదని మాస్టారు సైతం ఆశ వదులుకున్నారు. ఇక్కడ రాస్తున్నదంతా రాయన్న గారి అనుమతితోనే రాస్తున్నాము.

మూడవ పరీక్షకు ముందురోజు తరగతిలో ‘పుట్’, ‘ఇట్’, ‘ఆన్’ అన్న చీటీలు వచ్చాయి. ఆ ‘ఇట్’ తానేనని ప్రకటించి మాస్టారు ఒక ఖాళీ చెక్కపెట్టెలో కూర్చున్నారు. మనవాళ్లకు పని అప్పగిస్తే చెప్పాలా? నలుగురు కలిసి పెట్టెను ఎత్తి, తలకంటే ఎత్తున ఉన్న అరలో భద్రంగా పెట్టి, తాడు కూడా బిగించారు. ఇంతలో భోజనం సైరన్ మోగింది. అలవాటు ప్రకారం అందరూ క్యాంటీను వైపు పరుగు తీశారు. రాయన్న ఒక్కరే మిగిలారు.

"దించవయ్యా నన్ను. కానీ ఇంగ్లీషులో చెప్పి దించు. లేదంటే సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను" అన్నారు మాస్టారు పైనుంచి.

"చెప్పను సార్" అన్నారు రాయన్న. ఆ తరగతిలో ఆయన తొలి పలుకు అదే.

"ఎందుకని?"

"మీకు ఇవి ఆటచీటీలు సార్. మాకు బరువులు. ఇక్కడ చేరకముందు వేరేచోట, పైఅధికారి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. చేసేవాడికి సగమే అర్థమైంది. మళ్లీ అడిగితే నవ్వుతారని సిగ్గుపడి, అర్థమైనట్టు తలూపి సరుకు వదిలేశాడు. కింద ఉన్నతనికి కాలు పోయింది. ఆ తలూపినవాణ్ణి నేనే."

మూడేళ్లుగా తాను ముచ్చటపడి ఏరుకున్న ‘ఆన్’, ‘అండర్’ల కింద నిజమైన మనుషులు నిలబడి ఉంటారన్న ఊహే తనకు రాలేదని, ఆ క్షణంలో సిగ్గుతో కుంచించుకుపోయానని తరువాత మాస్టారే మాతో చెప్పారు. తాడు తామే విప్పుకుని, అర అంచు పట్టుకుని దిగి వచ్చారు. ఆ రోజు ఇద్దరూ భోజనానికి వెళ్లలేదు. మాస్టారు ఆ మధ్యాహ్నమంతా ఒక్క వాక్యమే నేర్పారు: ‘సే ఇట్ టు మి ఎగైన్.’ క్రియ, సర్వనామం, చిట్టి పదం, మరొక సర్వనామం, చివర మొహమాటం లేని ఒక ‘మళ్లీ’.

మరునాడు పరీక్షాధికారి ఇచ్చిన మొదటి ఆదేశానికే రాయన్న ఆ వాక్యం చెప్పారు. రెండవసారీ చెప్పారు. మూడవసారికి అధికారికి విసుగొచ్చి, ఇంగ్లీషు వదిలేసి "ఎన్నిసార్లు అడుగుతావయ్యా?" అన్నారు.

"అర్థమయ్యేదాకా సార్. కింద మనిషుంటాడు" అన్నారు రాయన్న.

అధికారి ఈసారి నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పారు. రాయన్న ఆ ఆదేశాన్ని తు.చ. తప్పకుండా అమలు చేశారు. ఉద్యోగం నిలిచింది.

అటుపిమ్మట మాస్టారు ముఖ్య శిక్షకులై, రెండువేల ఎనిమిదిలో శిక్షణ విభాగాధిపతులై, మన భద్రతా నియమావళిని స్వయంగా రచించారు. ఆదేశం అందుకున్నవారు ఎంతటివారినైనా, ఎన్నిసార్లైనా మళ్లీ చెప్పమని అడగవచ్చునని, అడిగినవారిని చూసి నవ్వడమే క్రమశిక్షణా ఉల్లంఘన అని అందులోని మొదటి నిబంధన. దాని కింద ఒకసారి సాక్షాత్తూ జనరల్ మేనేజరు గారే సంజాయిషీ రాసివ్వవలసి వచ్చింది. ప్రస్తుతం ప్రధాన మేస్త్రీగా ఉన్న రాయన్న గారు వచ్చే సోమవారం నుంచి ఆ ఇంగ్లీషు తరగతి బాధ్యత స్వీకరిస్తున్నారు.

గడచిన ఇరవై ఏడు సంవత్సరాలలో మన గోదాములో బరువు కింద నలిగిన మనిషి ఒక్కరూ లేరు. ఇది ఏ ప్రశంసాపత్రంలోనూ లేదు కనుక ఇక్కడ నమోదు చేస్తున్నాము. మాస్టారు గారూ, కాళ్లూ చేతులూ క్షేమంగా ప్రతి సాయంత్రం ఇంటికి చేరిన మేమూ, తలుపు తీసి మమ్మల్ని లోపలికి పిలుచుకున్న మా ఇంటివాళ్లూ, అందరమూ కలిసి అడుగుతున్నాము: మీరు ఆరోగ్యంగా, మీ శ్రీమతి గారి తోడులో, చాలాకాలం చల్లగా ఉండండి.