పొలి దాటని వాగు

వాగుకి ఆవల, ఈతకండ్రిగలో ఎండిపోయిన బావి ఉందే, దానికాడికి మన ఊళ్లో ఎవురూ పోరు. గొడ్డు తప్పిపోయి అటు పోయినా, అదే వస్తుందిలే అని ఈవలే నిలబడిపోతారు. ఎందుకో మీకెవురూ చెప్పలేదా? చాప ఇటు లాక్కోండి పిల్లకాయల్లారా. ఇది మా అవ్వ కళ్లారా చూసింది.

ఆ కండ్రిగ ముందు మన దేవరపాడులోదే. ఈవల పెద్దూరు, ఆవల పట్టుమని పది గుడిసెలు లేవు, కరణం ఒకడే, పోలేరమ్మ జాతర ఒకటే. అట్టా ఉండగా దొరల కాలంలో గొలుసులు పట్టుకొని సర్వేవోళ్లు వచ్చారు, వచ్చి కొలిచి కొలిచి, వాగే హద్దు అన్నారంట, అని ఒడ్డున రాళ్లు పాతి, కండ్రిగని తీసకపోయి ఆమడ దూరంలో ఉండే ఇంకో ఊరికి, ఇంకో తాలూకాకి కలిపేశారు. ఆ ఊరోళ్లకి కండ్రిగ ఏ తట్టుందో కూడా తెలీదు. మనోళ్లు మటుకు రాళ్లని పట్టించుకున్నారా? రాకపోకలు మామూలే. చెంచయ్య తన ఒక్కగానొక్క కూతురు రవణమ్మని కండ్రిగకే ఇచ్చాడు. తల్లి లేని పిల్ల, ఎత్తుకొని పెంచాడు.

ఈ చెంచయ్య జాతరలో పొలి మోసేవాడు. పొలి అంటే బలి రక్తం కలిపిన అన్నం. ఆ గంప నెత్తిన పెట్టుకొని పొలిమేర చుట్టూ చల్లుకుంటా పరిగెత్తాలి, ఆగకూడదు, నోరు తెరవకూడదు, వెనక కర్రలు పట్టుకొని మొగోళ్లు వస్తారు. పొలి తిరిగిన మేరకి లోపలికి రోగం రాదు. సర్వే అయినాక కూడా ఆయన వాగు దాటి కండ్రిగని చుట్టొచ్చేవాడు, కూతురు బావికాడ నిలబడి కాళ్ల మీద పసుపునీళ్లు పోసేది.

ఒక ఏడు కలరా వచ్చింది. జాతర పెట్టారు. ఆ పొద్దు పెద్దరెడ్డి చెంచయ్యని పిలిచి, కండ్రిగలో అప్పుడే వాంతులు మొదలయ్యాయి, దాన్ని కూడా చుట్టొస్తే రోగం మన లోపలే ఉండిపోతుంది, అయినా అది మన ఊరు కాదుగా, రాళ్లకాడే తిరిగిపో అన్నాడంట. చెంచయ్య కాళ్ల మీద పడ్డాడు.

"అయ్యా, నా బిడ్డ ఆడుందయ్యా."

"ఈడ ఎంతమంది బిడ్డలున్నారో నువ్వే చూడు."

చెంచయ్య లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు.

పొద్దుగుంకే వేళ గంప ఎత్తారు, ఎత్తి వాగుకాడికి వచ్చేసరికి ఆవల ఒడ్డున కండ్రిగ జనమంతా ఎదురుచూస్తా ఉన్నారు, రవణమ్మ కడవ పట్టుకొని ముందుంది. "ఇటు నాయనా! ఇటు రా!" అంటా ఉంది. చెంచయ్య ఆ పిల్ల మొహం చూశాడు. చూసి, పిడికెడు అన్నం ఈవలే చల్లి పక్కకి తిరిగాడు. చాలా దూరం దాకా ఆ పిలుపు వినిపిస్తానే ఉందంట.

మన ఊళ్లో రోగం ఆగింది. అమ్మ దయో, నీళ్లు కాచుకొని తాగారో, నాకు తెలీదు. తర్వాత కొన్నాళ్లకి కండ్రిగ తట్టు పొయ్యిల పొగ రావడం మానేసింది. చెంచయ్య ఇంక ఆగలేక వాగు దాటిపోయాడు. బతికినోళ్లు ఊరొదిలి పోయారు, చచ్చినోళ్లు చచ్చారు, రవణమ్మ బావి గట్టున పడుంది. చేతులతో గుంట తవ్వి పూడ్చిపెట్టి, తిరిగి వాగుకాడికి వస్తే, మనోళ్లు కర్రలు అడ్డం పెట్టారు. పొలి తిరిగినాక బయటోళ్లు లోపలికి రాకూడదన్నారు.

"నేను బయటోణ్ణా?" అన్నాడంట చెంచయ్య.

పొలికి ఆయన వెనక పరిగెత్తినోళ్లే వాళ్లంతా. కర్రలు మటుకు దించలా. ఆయన వెనక్కి తిరిగి ఆ బావి తట్టుకే పోయాడు. మళ్లీ ఎవురికీ కనిపించలా.

తర్వాతెప్పుడో మండలాలు వచ్చినప్పుడు కండ్రిగని మళ్లీ మన పంచాయతీలో కలిపారు. మనిషే లేని చోటు, ఎవురిలో కలిపితే ఏంది? ట్రాక్టరు ఓబులేసు, ఇప్పుడు మనదే కదా అని, ఒక సాయంత్రం ఆడ దున్నను పోయాడు, పోయి బావికాడ దిగేసరికి వెనకనించి ఎవురో ఆడమనిషి "వచ్చినావా నాయనా" అన్నదంట. తిరిగి చూసేలోగా కాళ్ల మీద చల్లగా నీళ్లు పడ్డాయి. ఇంటికొచ్చి పెళ్లాం చేత సున్నిపిండి పెట్టి రుద్దించుకున్నాడు, పసుపు వదల్లా. వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రి చేరకముందే, దారిలోనే ప్రాణం పోయింది పాపం.

మండలాఫీసోళ్లు అది మన ఊరే అంటారు. అననీండి. మీరు మటుకు అటు పోబాకండి. ఒకవేళ పోయొస్తే, నా అరుగెక్కబాకండి.