కిర్రుమనని బండి

నార్కట్‌పల్లి చౌరస్తాలో పటేలు కారు పొగలు కక్కి ఆగిపోయింది. అయినా డ్రైవర్ బీరన్న మీసం మాత్రం దిగలేదు.

"ఇంజన్‌ను కన్నబిడ్డ లెక్క సాదుతున్న పటేలా. నా మన్మలు గూడ గీ కారే నడుపుతరు."

"గట్లనా? ఆయిల్ కొలిచే పుల్ల తియ్యి. తడి ఉన్నదారా?"

"ఎండకు ఇగిరిపోయినట్టుంది పటేలా."

"నిన్ననే డబ్బెడు ఆయిల్ ఇస్తిని గదరా! ఎవని గొంతుల పోసినవ్? ఇంజన్ కాలితే నీ నౌకరీ గూడ కాలినట్టే!"

"ఇంజనే తాగింది. దాని దూపకు కృష్ణా నది గూడ చాలది."

అంతలో బీరన్న తండ్రి ఎడ్లబండి పక్కనుంచే వెళ్లింది. వెళ్లినట్టే తెలియలేదు.

"మీ బాపు బండి కిర్రుమంటే హుజూర్‌నగర్ దాకా వినపడుతుండె. గిప్పుడు పిల్లి లెక్క పోతాందేందిరా?"

బీరన్న మీసం దిగింది.

"ఇరుసుకు పోసిన పటేలా. బండి రోజూ మొత్తుకుంటుండె. కారు ఒక్కనాడు గూడ నోరు తెరువకపాయె."