తలుపు మీద పేరు

యూనివర్సిటీ చిత్రకళా విభాగంలో ఆ గది తలుపు ఏండ్ల తరబడి ఖాళీగానే ఉండేది. ఇవాళ ఆమె దాని మీద తెల్లరంగుతో పేరు రాస్తోంది. ఆ పేరు గలవాడు, కొత్తగా చేరిన లెక్చరరు, వెనకే నిలబడ్డాడు. ఇదే గదిలో ఆమె దగ్గరే గీతలు దిద్దినవాడు.

"హెచ్‌ఓడీ సారు చెప్పినారు మేడమ్. లేకుంటే మిమ్మల్ని అడిగేవాణ్ణి కాదు."

"దానికేమప్పా. మీ నాయన పేరు ముందు రావల్నా?"

"అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఉండేట్లే రాయండి. మీరు అప్లికేషన్ వేసింటే ఈ పోస్టు నాకు వచ్చేదే కాదు."

"వేసేకి పోతి. ఎంవీఏ చదివి వచ్చినప్పట్నుంచి కాచుకోనుంటే, వాళ్ళు పోస్టులు పిలిచేతలికి నా వయసు దాటిపోయిందంట."

అతను తల దించుకున్నాడు.

"కింద మీ పేరు కూడా రాసుకోండి మేడమ్. ఇన్నేండ్లూ ఈ గదిలో పాఠం చెప్పింది మీరే కదా."

"ఈడ నన్ను ఏమంటారు?"

"అతిథి ఉపన్యాసకురాలు అంటారు."

"అతిథంటే చుట్టమే కదప్పా. చుట్టం పేరు యాడైనా ఇంటి తలుపు మీద రాస్తారా?"

అతను ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. ఆమె కుంచె ఆపింది. తిరిగి చూడలేదు.

"పక్కకు జరుగు. వెలుతురుకు అడ్డం నిలబడొద్దని మొదటి క్లాసులోనే చెప్పింటి. నీ నీడ నా చేతిమీద పడతాండాది."