ఛార్జరు దాచిన సాయంత్రం

చేపల వేట నిషేధం ఆ రోజుతో ఆఖరు. తెల్లారితే బోట్లు సముద్రంలోకి పోతాయి. మైపాడులో ఒక ఇంట్లో మొగుడు లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. పెళ్లాం తలుపుకి ఆనుకుని చూస్తా ఉంది.

"ఛార్జరు యాడ పెట్టినావు మే?"

"దాచినా. పాట పూర్తి చెయ్యి, ఇస్తా."

"బ్యాటరీ అయిపోతా ఉంది."

"అయ్యేలోపల పూర్తి చెయ్యి మావా. నిరుడు వేట ఆపినప్పుడు మొదలుపెట్టిన పాట ఇది. రేపు బోటెక్కితే మళ్లా వచ్చే ఏడాదే గదా ముట్టుకునేది."

"డప్పు సౌండు కుదర్లేదు."

"ఈ ఏడు వేట ఆపినకాడ్నించీ డప్పే మారుస్తా ఉండావు. డప్పు బాగానే ఉంది. నీకు రానిది ఆఖరి చరణం."

"అవును, రాలేదు. సముద్రానికి పొయ్యేవోడు పెళ్లానికి ఏం చెప్తాడు? ఎన్నిసార్లు రాసినా అబద్ధంగానే ఉంది."

"నిరుడు పొయ్యేటప్పుడు గడప కాడ నాకేం చెప్పినావు?"

"ఏం చెప్పినా? తలుపేసుకో అన్నా."

"అదే పాడు."

"అదీ ఒక పాటేనా?"

"నువ్వు తిరిగొచ్చిందాకా ఆ మాట పట్టుకునే ఉన్నా నేను. మైకు దగ్గరికి లాక్కో."

అతను కళ్లు మూసుకుని పాడాడు.

"గొంతు వణికింది. ఇంకోసారి పాడతా."

"వద్దు. ఆరోజు కూడా వణికింది. అట్టాగే ఉండనీ."

"సరే... సేవ్ చేసినా. డప్పొక్కటి కొంచెం మారుస్తా."

"మూసేసి పడుకో మావా. తెల్లారి తలుపు నేనేసుకుంటాలే."